కనుమ దారికి నాలుగు టైర్లు

తకినోసవా
అక్టోబరు 3, 1990

ర్యోసుకె గారికి,

కొండ మీద ఆకులు ఎర్రబడ్డాయి. పొద్దున్నే బకెట్లో నీళ్ళ మీద పలచటి మంచు పొర కడుతోంది. మీరూ మా తోడికోడలు నొబుఎ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అన్నగారి నలభై తొమ్మిదో రోజు కర్మకి అంత దూరం నుంచి వచ్చి వెళ్ళారు. ఆ తర్వాత ఇన్నాళ్ళూ ఉత్తరం రాయనందుకు క్షమించాలి. డ్రైవింగ్ స్కూలుకి వెళుతూ వచ్చాను.

మొన్న లైసెన్సు వచ్చింది, నాలుగోసారికి. మూడోసారి తప్పింది ఆపమన్నప్పుడు ఆపక కాదు, ఆపమనక ముందే ఆపినందుకు. నేర్పిన మాస్టారు, "యాభై ఒకటో ఏట ఎందుకండీ మీకీ తాపత్రయం?" అన్నాడు. అరవై మూడు ఇళ్ళున్నాయండీ అన్నాను. అతనికి అర్థం కాలేదు. మీకు అవుతుంది. మన కోషోజి బౌద్ధాలయానికి చెందిన అరవై మూడు కుటుంబాలకీ, ఎవరింట్లో పోయినవాళ్ళ తేదీకి వాళ్ళింటికి, నెలనెలా వెళ్ళి సూత్రం చదవాలి. జూన్‌లో మీ అన్నగారు పోయినప్పటి నుంచీ ఆ పురోహితుడి పని నేనే చేస్తున్నాను. వేసవంతా సైకిలు మీద తిరిగాను. నవంబరు వస్తే సైకిలు కదలదు.

ఆయన చిన్న కారు ఉంది. దానికున్నవి వేసవి టైర్లు. షెడ్డులో మంచు మీద జారకుండా మేకులు దిగ్గొట్టిన టైర్లు నాలుగు, రిమ్ములతో సహా కనబడ్డాయి గాని, మేకులు సగం రాలిపోయాయి. మిగిలినవి అరిగి, వేలితో రాస్తే నున్నగా తగులుతున్నాయి. రిమ్ములు తుప్పు పట్టాయి. పైగా మేకుల టైర్లు ఇక పనికిరావని చట్టం వచ్చిందనీ, వసంతం దాటితే కొట్లలో అమ్మరనీ చెప్పుకుంటున్నారు. ఇప్పుడు ఏ టైర్లు వేయించాలి? రిమ్ములు వేరే కొనాలా? ఇరవై రెండేళ్ళుగా మీరున్నది అదే పనిలో కాబట్టి అడుగుతున్నాను.

ఫోను చెయ్యొచ్చు. కాని ఫోను ఆలయం హాల్లో ఉంది. ఆలయ సంఘం పెద్దలెవరో ఒకరు ఎప్పుడూ అక్కడ టీ తాగుతూ ఉంటారు.

షిజుయో

*

అసహికావా
అక్టోబరు 8

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. లైసెన్సు వచ్చినందుకు అభినందనలు.

టైరు పక్కగోడ మీద అంకెలుంటాయి. తడిగుడ్డతో తుడిచి, ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి. షెడ్డులో రిమ్ములకి నట్టు రంధ్రాలు ఎన్నున్నాయో, కారుకి ఎన్నున్నాయో చూడండి. నాకు తెలిసి అవి అన్నయ్య పాత ట్రక్కువి. కారుకి పట్టవు. ఆయన దేన్నీ పారేసేవాడు కాదు.

మీరు వెళ్ళే దారుల్లో ఎత్తు దారులెన్ని? కనుమ దాటాలా? మంచు తోడే బండి ఎన్ని గంటలకి వస్తుంది? వాకిట్లో మంచు ఎవరు తోడతారు? ఇవి తెలియకుండా టైరు చెప్పడం, మనిషిని చూడకుండా చెప్పులు కుట్టడం లాంటిది.

ఒక్క మాట. డ్రైవరుని పెట్టుకోవడం మీకు వీలవుతుందా? శీతాకాలంలో కొత్తగా బండి నడిపేవాళ్ళకి నేను టైర్లు అమ్ముతాను గాని, ధైర్యం చెప్పను.

ఈ ఏడాది కొట్లో తీరిక ఎక్కువ. ఎప్పుడైనా రాయండి.

ర్యోసుకె

*

తకినోసవా
అక్టోబరు 14

ర్యోసుకె గారికి,

అంకెలు: 145, ఆ తర్వాత ఒక అక్షరం, తర్వాత 12. కారుకి నాలుగు రంధ్రాలు. షెడ్డులో వాటికి అయిదు. మీరన్నట్టే అవి ట్రక్కువి. ట్రక్కు అమ్మి పదకొండేళ్ళయింది.

అరవై మూడు ఇళ్ళలో యాభై రెండు చదునులో ఉన్నాయి. పది ఇళ్ళకి కొంచెం ఎత్తు ఎక్కాలి. ఒక్క ఇల్లు కనుమకి అవతల ఉంది. అది ఉమెనో అవ్వ ఇల్లు, పద్నాలుగు కిలోమీటర్లు. ఆవిడకి ఎనభై ఎనిమిది. భర్త పోయింది పదహారో తేదీన. ఏ నెలైనా సరే, పదహారున పది గంటలకల్లా గుమ్మంలో కూర్చుని దారి చూస్తూ ఉంటుంది. మంచు తోడే బండి కనుమకి ఎనిమిదింటికి వస్తుంది. ఆలయం వాకిట్లో మంచు నేనే తోడతాను.

డ్రైవరుకి ఇవ్వడానికి డబ్బు లేదు. సంఘం పెద్ద హచియా గారైతే అసలు బండే వద్దన్నారు.

"మీకెందుకమ్మగారూ ఈ టైర్ల గోల? చలికాలం నాలుగు నెలలూ ఇంట్లో కూర్చుని టీ తాగండి. పోయినవాళ్ళు ఎక్కడికీ పోరు, వసంతం దాకా ఆగుతారు."

"ఉన్నవాళ్ళు ఆగుతారా?" అన్నాను.

ఆయన రెండో కప్పు పోసుకున్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. నాకు పురోహిత దీక్ష లేదు కదా, ఏప్రిల్లో సంఘం కూర్చుని ఆలయానికి సరైన పురోహితుణ్ణి చూస్తుందట. అంతదాకా "ఎలాగోలా నెట్టుకొద్దాం" అన్నారు. ఆడవాళ్ళకీ క్యోటోలో దీక్ష ఇస్తారని నేను చెప్పాను. ముందు ఈ చలికాలం గడవనివ్వండి, చూద్దాం అన్నారు. అంటే ఎన్ని ఇళ్ళు తప్పిస్తానో లెక్క చూస్తారన్నమాట.

కాబట్టి ఒక్క ఇల్లు కూడా తప్పకూడదు. టైర్లు ఆ మాట మనసులో పెట్టుకుని చెప్పండి.

మొన్న పన్నెండున హచియా గారు పళ్ళు కట్టించుకోవడానికి మీ ఊరే వచ్చారు. పళ్ళు ఇంకా కట్టలేదని చెప్పారు.

షిజుయో

*

అసహికావా
అక్టోబరు 20

వదినగారికి,

మీకు మేకుల్లేని మంచు టైర్లు పంపుతున్నాను. నాలుగూ ఇనుప రిమ్ముల మీద ఎక్కించి, గాలి కొట్టి, సరుకు లారీలో వేస్తున్నాను.

రిమ్ములు వేరే ఎందుకంటే, ఏటా రెండుసార్లు టైరుని రిమ్ము మీంచి పీకి మళ్ళీ ఎక్కిస్తే టైరు అంచు పాడవుతుంది. రిమ్ముతో సహా ఉంటే నాలుగు నట్లు విప్పి మార్చుకోవడమే, మీరే చేసుకోవచ్చు. అల్యూమినియం రిమ్ములు అందంగా ఉంటాయి, గుంటలో పడితే పగులుతాయి. ఇనుము వంగుతుంది. వంగినదాన్ని సుత్తితో కొట్టి సరిచేసుకోవచ్చు. మీకు ఇనుమే.

నాలుగు చక్రాలకీ వేయండి. ముందు చక్రాలే లాగుతాయి కదా, ముందు రెండిటికీ వేస్తే చాలని ఊళ్ళో చెబుతారు. అలా వేస్తే బ్రేకు నొక్కినప్పుడు కారు ముందు భాగం ఆగుతుంది. వెనక భాగానికి ఆ సంగతి తెలియదు. అది ముందుకొచ్చి చూస్తుంది.

ఈ టైరు రబ్బరు చలికి బిగుసుకోదు. మీద సన్న సన్న చీలికలుంటాయి, మంచుని పట్టుకునేవి అవే. మేకుల టైర్లు నా కొట్లో లేవు. నిరుడే అమ్మడం మానేశాను. చోటు చాలక.

నట్లు ఒకదాని తర్వాత ఒకటి వరసగా బిగించకూడదు, ఎదురెదురుగా బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించాలి.

ర్యోసుకె

*

తకినోసవా
నవంబరు 24

ర్యోసుకె గారికి,

మంచు పడింది. పదహారు నుంచి ఆగలేదు.

టైర్లు నేనే మార్చాను. మొదటి చక్రానికి గంటా పది నిమిషాలు పట్టింది. నట్టు రాలేదు. స్పానర్ మీద ఎక్కి నిలబడితే వచ్చింది. నాలుగో చక్రం పదిహేను నిమిషాల్లో అయిపోయింది. హచియా గారు టీ కప్పుతో వచ్చి చూశారు. మీ టైర్ల మీద వేలితో నొక్కి, "మెత్తగా, బియ్యం మోచీ ముద్దల్లా ఉన్నాయి. వీటిని వేయించుకుని తినాలి గాని, వీటి మీద కనుమ ఎక్కుతారా!" అన్నారు. ఇప్పుడు ఊరంతా నా కారుని మోచీ బండి అంటోంది.

ఈ నెల ఇప్పటికి నలభై ఒక్క ఇళ్ళు అయ్యాయి. ఒక్కటీ తప్పలేదు. టైర్లతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా టీతో. సూత్రం అయ్యాక ప్రతి ఇంట్లో టీ, ముల్లంగి ఊరగాయ పెడతారు. తినకపోతే ఊరగాయ బాగాలేదా అంటారు. ఒక్కోరోజు అయిదు ఇళ్ళు. మీ అన్నగారు ఇంటికొచ్చి అన్నం ఎందుకు తినేవారు కాదో పాతికేళ్ళకి తెలిసింది.

ఉమెనో అవ్వ నా కారు చూసి, "వచ్చావా? కొత్త పురోహితుడొస్తాడంటున్నారు, నాకొద్దు. నాకు గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు, వచ్చేవాళ్ళు కావాలి" అంది. కొత్త పురోహితుడెవరని అడిగితే, చెవుడు వచ్చినట్టు ఊరగాయ గిన్నె ముందుకు తోసింది. ఎవరో మీకేమైనా తెలుసా?

షిజుయో

*

అసహికావా
డిసెంబరు 9

వదినగారికి,

నట్లు రెండోసారి బిగించారో లేదో రాయలేదు. బిగించండి.

ఎండ కాసి, మధ్యాహ్నం మంచు కరిగి, సాయంత్రం మళ్ళీ గడ్డకట్టే రోజులు రాబోతున్నాయి. అప్పుడు రోడ్డు అద్దంలా ఉంటుంది. ఆ రోజు మలుపులో బ్రేకు నొక్కకండి. మలుపుకి ముందే నొక్కి, మలుపులో వదిలేయండి. ఇది టైరు చెయ్యలేదు, కాలే చెయ్యాలి.

కొట్లో పని ఉంది. ఇంతటితో ముగిస్తున్నాను.

ర్యోసుకె

*

అసహికావా
జనవరి 1, 1991 (కార్డు)

కొత్త సంవత్సర శుభాకాంక్షలు. చలికి గాలి తగ్గుతుంది. చూసుకోండి.

ర్యోసుకె, నొబుఎ

*

తకినోసవా
జనవరి 19

అసహికావాలోని మొరికగె టైర్ల దుకాణం యజమాని శ్రీ మొరికగె ర్యోసుకె గారికి,

పదహారో తేదీన, ఉమెనో అవ్వ ఇంటి నుంచి తిరిగి వస్తూ, కనుమ దిగే మూడో మలుపులో కారు రోడ్డు దిగి పక్క గుంటలో పడింది. నాకేమీ కాలేదు. కారుకి దీపం పగిలింది. ముందు ఎడమ రిమ్ము వంగింది. సుత్తితో కొట్టి సరిచేశాను.

హచియా గారు ట్రాక్టరు తెచ్చి లాగారు. లాగుతూ ఇలా అన్నారు.

"చెప్పానా, మోచీ ముద్దలని! పోనీలెండమ్మగారూ, మూడు నెలలు ఓపిక పట్టండి. ఏప్రిల్లో ర్యోసుకె పురోహితుడిగా వచ్చేస్తాడు. వాడి కొట్టు ఎలాగూ నడవట్లేదు. అక్టోబరులోనే వెళ్ళి మాట్లాడి వచ్చా."

"పళ్ళ కోసం కదా వెళ్ళారు?"

"పళ్ళూ చూపించుకున్నా."

పన్నెండున ఆయన మీ దగ్గరికి వచ్చారు. ఇరవైన మీరు నాకు టైర్ల గురించి ఉత్తరం రాశారు. రెండు పేజీలు. నట్లు ఎదురెదురుగా బిగించాలని రాశారు. ఈ సంగతి రాయలేదు.

మీ తొమ్మిదో ఏట అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి క్యోటోలో దీక్ష ఇచ్చారు. ఆలయం మీద నాకన్నా మీకే హక్కు ఎక్కువ. అది నేనెప్పుడూ కాదనలేదు. కావాలంటే అడగవచ్చు. కాని నేను ఇళ్ళు తప్పిస్తే మీకు లాభం అయినప్పుడు, నాకు టైర్లు మీరు ఎంచకుండా ఉండవలసింది. ఈ లోయలో ఇంకెవరూ వాడని టైర్లు మీరు నాకు ఎందుకు పంపారు? జవాబు ఇస్తే చదువుతాను.

మొరికగె షిజుయో

*

అసహికావా
జనవరి 23

వదినగారికి,

హచియా గారు అక్టోబరు పన్నెండున వచ్చారు. కొట్లో స్టవ్వు పక్కన గంటసేపు కూర్చున్నారు. ఆ గంటలో ఒక్క గిరాకీ రాలేదు, అది ఆయన చూశారు. "రావయ్యా బాబూ, నీ గొంతులో సూత్రం విని ఇరవై రెండేళ్ళయింది" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. కాదనలేదు. ఆ సంగతి మీకు రాయకపోవడం తప్పు. నవంబరులో మీరు అడిగినా దాటవేశాను. అది ఇంకా పెద్ద తప్పు.

టైర్ల సంగతి వేరు. నా కారుకీ అవే వేశాను. అవే కంపెనీవి, అదే గోడౌన్లోంచి తీసినవి.

మేకుల టైర్లు మానేసింది చోటు చాలక కాదు. ఇక్కడ మార్చిలో మంచు గుట్టని పారతో కోస్తే తెల్ల చార, నల్ల చార, తెల్ల చార, నల్ల చార కనబడతాయి. ఆ నలుపు రోడ్డు పొడి. మేకులు గీరితే లేచింది. నొబుఎకి మూడేళ్ళుగా దగ్గు. డాక్టరు మొదట పొగ తాగుతారా అని అడిగాడు, తర్వాత ఇల్లెక్కడ అని అడిగాడు. పెద్ద రోడ్డు మీదని చెప్పింది. ఆయన తల ఊపి మందు రాశాడు. ఇరవై రెండేళ్ళు ఆ రోడ్డు మీద తిరిగిన టైర్లలో ఎన్నిటికి మేకులు నా చేత్తో దిగ్గొట్టానో నాకు తెలుసు. ముందటేడు కొట్టు ముందు "మేకుల టైర్లు అమ్మబడవు" అని కాగితం అంటించాను. చట్టం ఎలాగూ వస్తుంది, ఒక్క ఏడాది ముందు మానితే ఏమవుతుందనుకున్నాను. సగం మంది ఎదుటి కొట్టుకి వెళ్ళిపోయారు.

మీరు నా మాట నమ్మనక్కరలేదు. ఈ రోజు ఎదుటి కొట్టుకి వెళ్ళి మీ సైజులో మేకుల టైర్లు నాలుగు కొన్నాను. ఆయన నా కొట్టు ముందున్న కాగితం వైపు ఒకసారి చూసి, అమ్మాడు. రిమ్ములకి ఎక్కించి లారీలో వేశాను. రెండూ మీ దగ్గర ఉంటాయి. రెండూ నడిపి చూసి, ఏవి కావాలో మీరే వేసుకోండి.

ర్యోసుకె

*

తకినోసవా
ఫిబ్రవరి 6

ర్యోసుకె గారికి,

టైర్లు అందాయి. పరీక్ష పెట్టాను.

మూసేసిన బడి ఆటస్థలంలో నీళ్ళు పోసి రెండు రోజులు వదిలితే అద్దంలా అయింది. ఒక చివర ఊరగాయ జాడీ పెట్టాను. జాడీ దాటగానే బ్రేకు నొక్కాలి, కారు ఎక్కడ ఆగితే అక్కడికి కొలవాలి. కొలవడానికి హచియా గారిని పిలిచాను. నాకు ఎదుటి పక్షం వాళ్ళెవరైనా కొలిస్తేనే లెక్కకి విలువ. ఆయన పొలం కొలిచే తాడు తెచ్చారు.

ఇరవై కిలోమీటర్ల వేగంలో మేకుల టైర్లు పది మీటర్లకి ఆగాయి. చక్రాలు మార్చాను. ఇప్పుడు నాలుగింటికీ కలిపి ముప్పై అయిదు నిమిషాలు పడుతోంది. మోచీ ముద్దలు పదమూడు మీటర్లకి ఆగాయి.

"చూశారా!" అన్నారు హచియా గారు.

"మళ్ళీ కొలవండి" అని పదిహేడు వేగంలో వచ్చాను. తొమ్మిదిన్నరకి ఆగింది.

ఆయన తాడు వైపు చూశారు. మళ్ళీ పరిచారు. తొమ్మిదిన్నరే.

"అంటే, మూడు కిలోమీటర్లు తగ్గించి నడిపితే మేకులు కొట్టుకున్నట్టేనా?"

"మీ తాడే చెబుతోంది కదండీ."

"నా తాడు తప్పు చెప్పదు" అని ఒప్పుకోవలసి వచ్చింది ఆయనకి. మెత్తటి మంచు మీద రెండూ ఒకే చోట ఆగాయి. ఉత్త తారు రోడ్డు మీద మేకులే జారాయి. ఆ చప్పుడుకి హచియా గారు చెవులు మూసుకున్నారు, "ఇన్నేళ్ళూ నేను చేసింది ఈ చప్పుడేనా?" అన్నారు.

గుంటలో పడిన రోజు నా వేగం నలభై అయిదు. రెండిళ్ళలో భోజనం పెట్టారు, కాదనలేక తిన్నాను, ఆలస్యమైంది. మలుపులో బ్రేకు నొక్కాను. నొక్కవద్దని మీరు డిసెంబరులో రాశారు. కిందటి ఉత్తరంలో ఇది రాయలేదు, కోపంలో ఉన్నాను కాబట్టి.

మోచీ ముద్దలే ఉంచుకుంటాను. ఎలాగూ వచ్చే ఏడు అవే కదా. ఈ వయసులో ఒక విద్య రెండుసార్లు నేర్చుకునే ఓపిక లేదు. మేకుల టైర్లు తిరిగి పంపుతున్నాను. ఎదుటి కొట్టాయనకి ఇచ్చేయండి, ఇరవై కిలోమీటర్లు కూడా తిరగలేదు.

నొబుఎ దగ్గు ఎలా ఉంది? ఆ మాట ముందే రాసి ఉండవలసింది మీరు. టైర్ల గురించి రెండు పేజీలు రాసేవాళ్ళు కదా.

ఆలయం సంగతి మీరు ఇంకా చెప్పలేదు. నేను అడగను.

షిజుయో

*

అసహికావా
ఫిబ్రవరి 27

వదినకి,

నిన్న ఇంటికి చేరాను. కనుమ దారి బాగానే ఉంది. మీరూ అలసిపోయి ఉంటారు.

ఉమెనో అవ్వ పోయిందని ఇరవై మూడున పొద్దున మీరు ఫోను చేసినప్పుడు, పక్క ఊరి పురోహితుడికి ఫ్లూ అనీ, అంత్యక్రియలకి దీక్ష ఉన్నవాళ్ళు కావాలనీ అన్నారు. హాల్లో హచియా గారు ఉన్నారని మీ గొంతుని బట్టే తెలిసింది. అన్నయ్య పురోహితుడి అంగీ ఇస్తానన్నారు. వస్తానన్నాను.

నా కారు ఆలయం దగ్గర వదిలి మీ పక్కన కూర్చున్నాను. మంచు తోడే బండి వెనక, తుఫానులో, కనుమ మీద గంటకి ఇరవై రెండు కిలోమీటర్లు. ఒక్కసారి కూడా మలుపులో బ్రేకు నొక్కలేదు. గుంటలో పడిన మలుపు దగ్గర దానికి తల వంచి దణ్ణం పెట్టారు. చెయ్యి స్టీరింగు మీంచి తీయలేదు, అది గమనించాను.

సూత్రం చదివాను. ఇరవై రెండేళ్ళయినా ఎక్కడా తడబడలేదు. గొంతు గదిలో నిండడం నాకే వినిపించింది. వెనక ఎవరో ముక్కు చీదడం కూడా వినిపించింది. బాగా చదివానని నాకు తెలుసు, వినయం నటించను.

అయిపోయాక అవ్వ కోడలు లేచింది. నావైపు వస్తోందనుకుని నేను సర్దుకుని కూర్చున్నాను. నన్ను దాటుకుని మీ ముందు కూర్చుంది. "మా అత్త ఆఖరిసారి మీతో ఏమందమ్మా?" అని అడిగింది. "ముల్లంగి ఊరగాయలో ఈసారి ఉప్పెక్కువైంది, కోడలికి చెప్పకు అంది" అన్నారు మీరు. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆ కోడలు మీ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను ఆ ఇంట్లో టీ డబ్బా ఎక్కడుంటుందో తెలియనివాణ్ణి. మీరు లేచి సరాసరి వెళ్ళి తీశారు.

మీరు కప్పులు కడుగుతుంటే, గుమ్మంలో చెప్పుల దగ్గర హచియా గారు నన్ను పట్టుకున్నారు.

"విన్నావా ర్యోసుకె బాబూ, అందరూ ఎలా కూర్చుండిపోయారో? ఇంకేం ఆలోచిస్తావు?"

"నేను రానండి."

"ఎందుకు రావు? కొట్టు మీద ఈగలు తోలుకోవడానికా?"

"అవ్వ ఊరగాయ ఎలా ఉంటుందో మీకు తెలుసా?"

"ఊరగాయకీ దీనికీ ఏం సంబంధం?"

"నాకూ తెలియదు. ఈ ఇంట్లో అది తెలిసినావిడ లోపల కప్పులు కడుగుతోంది."

ఆయన బూటు తొడుక్కోవడంలో చాలాసేపు గడిపారు. తర్వాత "తలుపు తియ్యి, చలి" అన్నారు. తలుపు తీస్తే చలి ఎక్కువవుతుందని నేను అనలేదు.

ఇంకొకటి ఉంది. అది కూడా మీకు తెలియాలి. హచియా గారు మొదటిసారి అడిగినప్పుడు నాకు కావాలనిపించింది. కొట్టు నడవక కాదు. పాతికేళ్ళ వయసులో ఊళ్ళోవాళ్ళు నా గొంతు బాగుందనీ, అన్నయ్యది గొణుగుడనీ ఆయన వినేలా అనేవారు. ఆయన అంగీ మడత పెడుతూ తల ఎత్తేవాడు కాదు. అందుకే వెళ్ళిపోయాను. మంచి పని చేశాననుకున్నాను. కాని ఇరవై రెండేళ్ళూ కొట్లో గాలి మిషను చప్పుడులో ఎవరికీ వినబడదని సూత్రాలు చదువుకుంటూనే ఉన్నాను. మీ టైర్లకి గాలి కొడుతున్నప్పుడు కూడా చదివాను. మీరు ఓడిపోవాలని చదవలేదు. కాని నేను గెలవకూడదని కూడా అనుకోలేదు. ఇది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని రాశాను. చదివి చింపేయండి.

ర్యోసుకె

*

తకినోసవా
మార్చి 14

మరిదికి,

చింపలేదు.

నొబుఎకి తేనె పంపుతున్నాను. హచియా గారి తేనెటీగలది. ఆయనే తెచ్చి ఇచ్చారు, ఎవరికని చెప్పకుండా.

ఏప్రిల్ దాకా ఆగకుండా పదినే సంఘం కూర్చుంది. హచియా గారు లేచి, ఈ చలికాలంలో ఎన్ని ఇళ్ళు తప్పాయో చదువుతానని కాగితం తీశారు. కాగితం ఖాళీ. దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించి కూర్చున్నారు. ఏప్రిల్ ఎనిమిది నుంచి దీక్షకి క్యోటో వెళుతున్నాను. అక్కడ అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళేనట. మోకాళ్ళ మీద కూర్చోవడం సాధన చేస్తున్నాను. నా సూత్రం మీ అన్నగారిలాగే గొణుగుడు. మార్చుకోను. పాతికేళ్ళు విని విని, నాకు అదే సూత్రం.

మీ గొంతు బాగుంది. ఆ రోజు గదిలో నేను కూడా ముక్కు చీదాను.

ఇప్పుడు పని మాట. ఆ అరవై మూడు ఇళ్ళూ కాక, ఒకప్పుడు మన ఆలయానికి చెందిన తొమ్మిది కుటుంబాలు ఊరు వదిలి మీ అసహికావాలోనే ఉంటున్నాయి. ఏళ్ళ తరబడి వాళ్ళింటికి ఎవరూ వెళ్ళడం లేదు. మీ అన్నగారు వెళ్ళాలనుకునేవారు, కుదిరేది కాదు. తేదీలు, విలాసాలు వేరే కాగితం మీద రాశాను. మే నుంచి ఆ తొమ్మిది ఇళ్ళూ మీవి. అంగీ రెండు అంగుళాలు పొడుగు విప్పి కుట్టి పార్శిల్లో వేశాను. కొట్టుకి సెలవు పెట్టనక్కరలేదు, ఒక్కో ఇంటికి గంట చాలు. టీకి మరో గంట.

కాదంటే ఉత్తరం రాయండి. చదవను.

వదిన

*

అసహికావా
మే 12

వదినా,

దీక్ష పూర్తయినందుకు శుభాకాంక్షలు. ఇరవై ఏళ్ళవాళ్ళంతా మోకాళ్ళ నొప్పులని లేస్తే మీరొక్కరే కూర్చున్నారని నొబుఎ ఫోనులో విని నాకు చెప్పింది. ఆవిడ దగ్గు తగ్గింది. ఈ మార్చిలో రోడ్డు మీద నలుపు కూడా కాస్త తగ్గింది. ఎదుటి కొట్టాయన మేకుల టైర్లు అయిపోయాక, మెత్త టైర్లు ఎలా అమ్మాలో అడగడానికి వచ్చాడు. చెప్పాను.

నిన్న మొదటి ఇంటికి వెళ్ళాను. కితాజిమా గారిల్లు. తండ్రి తేదీ పదకొండు. తలుపు తీసినాయన అంగీ చూసి, నన్ను చూసి, ఎవరో చనిపోయారేమోనని భయపడ్డాడు. కోషోజి నుంచి వచ్చానంటే, గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఊరు వదిలి పదిహేడేళ్ళయిందట. నాన్న పటం దుమ్ము దులపడానికి పది నిమిషాలు టైం అడిగాడు. బయట నిలబడి ఇచ్చాను.

గొంతు పెంచకుండా చదివాను. ఇల్లు చిన్నది. మధ్యలో ఆయన కూడా కలిశాడు, సగం మాటలు తప్పు. నేను ఆయన తప్పులకి సరిపడా నిదానించాను. టీ, ముల్లంగి ఊరగాయ పెట్టారు. రెండుసార్లు వేసుకున్నాను.

లేచి వస్తుంటే కితాజిమా గారు చెప్పులేసుకుని కూడా వచ్చారు. "స్వామీ, మీకు టైర్ల కొట్టుందట కదా. ఒక్కసారి మా కారు చూస్తారా?" అన్నారు. వంగి చూశాను. వేసవి టైర్లే, నాలుగూ అరిగిపోయాయి, లోపలి దారాలు కనబడుతున్నాయి. వెంటనే మార్చాలి. కాని అంగీలో ఉన్నాను. సూత్రం చదివిన నోటితో, ఆయన పెట్టిన టీ తాగి, టైర్లు కొనమని చెప్పడం ఎలా? "కారు శుభ్రంగా ఉంచుకున్నారు" అని వచ్చేశాను.

ఈ రోజు పొద్దున్నే మామూలు బట్టల్లో మళ్ళీ వెళ్ళి చెప్పాను.

ర్యోసుకె